బ్రిటిష్, ఇంగ్లీష్, స్కాటిష్: మా అమ్మాయికి ఏమని చెప్పాలి?

నమస్కారం. మేము చాలా ఏళ్లుగా స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో ఉంటున్నాము. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తన పాస్‌పోర్టులో బ్రిటిష్ పౌరురాలు అని ఉంది. ఇంగ్లీష్ పౌరసత్వం, స్కాటిష్ పౌరసత్వం అని చట్టంలో విడివిడిగా లేవు.

ఇటీవల మా నాన్నగారు వచ్చినప్పుడు పక్కింటి పెద్దాయనతో ఎంతో ఆప్యాయంగా "మీ ఇంగ్లీషువాళ్లు" అంటూ మాట కలిపారు. ఆయన చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టి, తాను స్కాటిష్‌వాడినని నెమ్మదిగానే అయినా గట్టిగా చెప్పారు. నాన్నగారిని తప్పుపట్టలేను. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ రాజ్యాలు కలిసి గ్రేట్ బ్రిటన్ ఏర్పడిందని చదువుకున్నా, మన వాడుకలో వాళ్లంతా ఆంగ్లేయులే. దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమ నేటికీ తలచుకునే థామస్ మన్రో కూడా స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టినవాడే కదా!

నన్ను నిజంగా కలవరపెడుతున్నది పిల్లల సంగతి. మా అమ్మాయి బడిలో స్కాటిష్ అని, హైదరాబాదులోని చుట్టాలతో బ్రిటిష్ అని చెప్పుకుంటుంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి పెరిగిన మా అక్క పిల్లలు మాత్రం బ్రిటిష్ అంటారే తప్ప ఇంగ్లీష్ అని ఎన్నడూ అనరు. ఆ మాట తెల్లవాళ్లదేనన్న భావన వారిలో నాటుకుపోయింది, అది వింటే నాకు బాధ కలుగుతుంది.

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగువారి పిల్లలు ఎవరైనా తమను ఇంగ్లీష్ అని చెప్పుకుంటున్నారా, చెప్పుకుంటే తోటివారు దాన్ని ఎలా స్వీకరించారు? ఊళ్లోని పెద్దలకు ఈ తేడాను తెలుగులో ఏ మాటలతో వివరిస్తున్నారో కూడా దయచేసి తెలియజేయండి.