48 ఏళ్లు, ఫైబ్రాయిడ్స్... గర్భసంచి తీయించుకోవాలా, మెనోపాజ్ దాకా ఆగాలా?

వానచినుకు:
నాకు 48. స్కానింగ్‌లో గర్భసంచి గోడలో 6 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ), పక్కనే రెండు చిన్నవి ఉన్నాయన్నారు. నెలసరి ఒకసారి మూడు వారాలకే వచ్చేస్తుంది, ఒకసారి రెండు నెలలైనా రాదు, వచ్చిందంటే మాత్రం రక్తం ముద్దలు ముద్దలుగా పోతుంది. రాత్రిళ్లు పక్క మీద పాత దుప్పటి మడతపెట్టి పరుచుకుంటున్నాను. హిమోగ్లోబిన్ 8.6, రక్తం బాగా తక్కువ. ఒక డాక్టరుగారు "పిల్లలు పుట్టేశారుగా, ఇంక గర్భసంచితో పనేంటి, తీసేద్దాం" అన్నారు. ఇంకొకరేమో మెనోపాజ్ వస్తే గడ్డలు వాటంతటవే కుంచించుకుపోతాయి, ఆగమన్నారు. ఎవరి మాట వినాలో తెలీక ఒకటే టెన్షన్.

మల్లెతీగ:
ఎండోమెట్రియల్ బయాప్సీ చేశారా అక్కా? 45 దాటాక ఇలా క్రమం తప్పి బ్లీడింగ్ అవుతుంటే నేరమంతా ఫైబ్రాయిడ్ మీదకి తోసేయకూడదు. క్యాన్సర్ లాంటిదేమైనా ఉందేమో చూడటానికి గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. కడుపులో గట్టిగా మెలిపెట్టినట్టు ఉంటుంది కానీ కొద్ది నిమిషాల పనే, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. ఆ రిపోర్టు లేకుండా తీయమన్నా, ఆగమన్నా నేనైతే ఒప్పుకోను.

ఇక ఆగడం సంగతి. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారు, అది ఎప్పుడొస్తుందో ఏ రక్తపరీక్షా చెప్పలేదు. ఏడాదిలో రావచ్చు, నాలుగైదేళ్లు పట్టొచ్చు. ఈలోపు అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టరాన్ ఉండదు, ఈస్ట్రోజన్ ఒక్కటే పొరని మందం చేసుకుంటూ పోతుంది, అందుకే మెనోపాజ్‌కి ముందు రోజుల్లో బ్లీడింగ్ ఇంకా ఎక్కువ కావచ్చు. బాధ ఏమీ లేనివాళ్లకి ఆగడం మంచి సలహానే. హిమోగ్లోబిన్ 8.6 ఉన్న మనిషిని ఊరికే ఆగమనడం ఏమిటో!

నీలికలువ:
గడ్డ సైజు కన్నా అది ఎక్కడుందో అడగండి. నాది చిన్నదే, కానీ లోపలి పొరలోకి పొడుచుకొచ్చింది. బ్లీడింగ్ తగ్గడానికి హార్మోన్ లూప్ (మిరెనా) వేశారు, ఒకరోజు బాత్‌రూమ్‌లో దారంతో సహా జారి బయటికొచ్చేసింది. అలాంటి గడ్డలుంటే జారిపోయే అవకాశం ఎక్కువట, ఎవరూ ముందు చెప్పలేదు. తర్వాత హిస్టెరోస్కోపీతో (సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపి) కింద నుంచే గడ్డ తీసేశారు, పొట్ట మీద కోత లేదు. ఇప్పుడు నాకు 52, నెలసరి ఆగిపోయింది, గర్భసంచి అలాగే ఉంది. మీ గడ్డ గోడలోపలే ఉండి లోపలికి రాకపోతే లూప్ బాగానే నిలబడొచ్చు.

గోరింట:
నేను తీయించుకున్నదాన్ని. నాకైతే హాయిగా ఉంది, ఆపరేషన్ అనగానే అందరూ భయపెట్టడం నాకు నచ్చదు. మళ్లీ గడ్డలు రావు, నెలసరి గొడవే లేదు. కాకపోతే కోలుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, బరువులు ఎత్తకూడదు. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: ఓవరీలు ఉంచుతారా, తీస్తారా? పనిలో పనిగా అవీ తీసేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది, ఒళ్లంతా వేడి ఆవిర్లు, ఎముకలకీ నష్టం. కారణం లేకుండా సంతకం పెట్టకండి.

వానచినుకు:
బయాప్సీ ఎవరూ చెప్పలేదండీ, రేపే అడుగుతాను. గడ్డ తగ్గడానికి నెలనెలా ఇంజెక్షన్ ఉందంటున్నారు, దాంతో గట్టెక్కలేమా?

మల్లెతీగ:
అది ఈస్ట్రోజన్‌ని అణిచేస్తుంది, గడ్డ తగ్గుతుంది, నెలసరి ఆగుతుంది. ఆపేస్తే మళ్లీ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి కాబట్టి ఎక్కువకాలం అదొక్కటే ఇవ్వరు. ఆపరేషన్‌కి ముందు రక్తం పెంచుకోవడానికి ఎక్కువగా వాడతారు. అలాగే గర్భసంచి రక్తనాళాలు మూసే ఎంబోలైజేషన్ మీకు కుదురుతుందేమో అడగండి, మొదటి డాక్టరు దాని ఊసే ఎత్తినట్టు లేదు.

ఏది చేసినా ఐరన్ ఇప్పుడే మొదలెట్టండి, టీ కాఫీలతో కలిపి మాత్ర వేసుకోవద్దు, కడుపుకి పడకపోతే సెలైన్‌లో ఎక్కిస్తారు. బ్లీడింగ్ రోజుల్లో దాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు వాడొచ్చేమో అడగండి, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. గంటగంటకీ ప్యాడ్ నిండిపోయినా, నిలబడితే కళ్లు తిరిగినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి అక్కా.