ఇల్లటపుటల్లుడు దత్తపుత్రుడితో సమానమా?

తెనాలి వాసి:
మా తాతగారిని ఇల్లటపుటల్లుడిగా తెచ్చుకున్నట్టు, తన తదనంతరం పొలం ఆయనదేనని మామగారు రాయించిన పాత దస్తావేజు మా దగ్గర ఉంది. ఇల్లటమంటే దత్తతే కాబట్టి, సొంత తండ్రి పొలంలో తాతగారికి వాటా లేదని ఆయన అన్నదమ్ముల పిల్లలు అంటున్నారు. ఇది సబబేనా?

బ్రాడీపేట న్యాయవాది:
సబబు కాదండి. దత్తు వెళ్లినవాడికి పుట్టినింటి ఆస్తితో సంబంధం తెగిపోతుంది. ఇల్లటం వెళ్లినవాడికి తెగదు. ప్రధానంగా రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఉన్న ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 1881లో హనుమంతమ్మ, రామిరెడ్డి కేసులో పరిశీలించింది. కూతురినిచ్చి, సేద్యం చూసుకునే అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని, ఆ కష్టానికి బదులుగా ఆస్తి ఇస్తానని మామ మాట ఇస్తాడు. పిండప్రదానం కోసం చేసే ఏర్పాటు కాదిది. మామ బతికుండగా అల్లుడు పంపకం అడగలేడు. ఆయన పోయాక మాత్రం, తర్వాత పుట్టిన కొడుకు ఉన్నా అతనితో సమానంగా తీసుకుంటాడు. అయినా వాళ్లిద్దరూ సమష్టి కుటుంబం కారు. అల్లుడికి దక్కిన భాగం అతని స్వార్జితం కిందే లెక్క.

అరండల్‌పేట రామం:
అంత తేడా ఊళ్లలో ఎవరు పాటించారండీ? అత్తవారింట కాపురమున్న ప్రతి అల్లుణ్ణీ ఇల్లటం వచ్చాడనే అనేవారు. పెద్దల సమక్షంలో నోటిమాటే ఒప్పందం. ఆ పెద్దలు పోయారు. ఇప్పుడు ఎవరికి అనుకూలంగా వాళ్లు చెప్పుకుంటున్నారు.

బ్రాడీపేట న్యాయవాది:
అందుకే కోర్టులు ఒప్పందానికి రుజువు అడిగాయి. అత్తవారింట ఉన్నంత మాత్రాన హక్కు రాదు. తెనాలి వారి దగ్గర కాగితమే ఉంది. 30 ఏళ్లు దాటిన అసలు దస్తావేజు, ఉండవలసిన చోటి నుంచే బయటికి వస్తే, సంతకాలు నిజమైనవేనని కోర్టు భావించవచ్చు.

మంగళగిరి పాఠకురాలు:
ఇంత చర్చలో కూతురి పేరే రాలేదు. పొలం ఆమె తండ్రిది. కొడుకులు లేకపోతే పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం కూడా, భార్య తర్వాతైనా, పరిమిత హక్కుతోనైనా అది ఆమెకే రావాలి. ఇల్లటం పేరుతో భర్త ఆమెను దాటి ముందుకొచ్చాడు. దీన్ని మంచి ఆచారమని పొగడటం నాకు నచ్చదు. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చాక కూతురు మొదటి తరగతి వారసురాలు. ఆ చట్టంలోని నాలుగో సెక్షన్, తాను చెప్పిన విషయాల్లో పాత ఆచారాలను పక్కన పెట్టింది.

బ్రాడీపేట న్యాయవాది:
మీ అభ్యంతరం న్యాయమైనదేనమ్మా. కానీ వారసత్వం మనిషి పోయిన రోజునే తెరుచుకుంటుంది. తెనాలి వారూ, ఆ మామగారు ఎప్పుడు పోయారు?

తెనాలి వాసి:
1948లో.

బ్రాడీపేట న్యాయవాది:
అయితే ఆ పొలానికి పాత ఆచారమే వర్తిస్తుంది. సొంత తండ్రి పొలం సంగతి వేరు. ఆయన ఎప్పుడు పోయారో, అన్నదమ్ముల మధ్య పంపకం అప్పటికే జరిగిందో లేదో చూడండి.

అరండల్‌పేట రామం:
పంపకం నోటిమాటగా జరిగి ఉంటే మళ్లీ సాక్షుల దగ్గరికే వస్తాం. పాత అడంగళ్లు, శిస్తు రసీదులు కూడా వెతకండి.