1962లో మన ఫైటర్లు ఎందుకు ఎగరలేదు?

నీలిరెక్క:
1962 చైనా యుద్ధం గురించి ఎంత చదివినా ఒక్క విషయం మాత్రం మింగుడుపడటం లేదు. అక్టోబర్ 20న ఇప్పటి అరుణాచల్‌లోని నమ్‌కా చూ అనే ఏటి దగ్గర మన 7వ బ్రిగేడ్ మీద చైనా సైన్యం విరుచుకుపడింది, నవంబర్ 21న వాళ్ళంతట వాళ్ళే కాల్పులు ఆపేశారు. ఆ నెల రోజులూ మన దగ్గర హంటర్, నాట్, మిస్టేర్ ఫైటర్లు, కాన్‌బెరా బాంబర్లు ఉన్నాయి కదా, ఒక్క బాంబు కూడా వెయ్యలేదు. చలిబట్టలు సరిగ్గా లేక, తూటాలు చాలక జవాన్లు ఆ కొండల మీద చనిపోతుంటే ఎయిర్‌ఫోర్స్‌ను పక్కన ఎలా కూర్చోబెట్టారు? వాడినా లాభం ఉండేది కాదా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కొండగాలి:
ఒక్క మాటలో చెప్పాలంటే భయం అండీ. మనం బాంబులు వేస్తే చైనా బాంబర్లు వచ్చి కలకత్తా లాంటి నగరాల మీద పడతాయని ఢిల్లీలో గట్టిగా నమ్మారు. బి.ఎన్. మల్లిక్ నడిపిన ఇంటెలిజెన్స్ బ్యూరో చైనా వైమానిక బలాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించింది, అమెరికా రాయబారి గాల్‌బ్రెయిత్ కూడా వద్దనే చెప్పారు.

కానీ అసలు లెక్క చూడండి. టిబెట్‌లో ఎయిర్‌ఫీల్డులు చాలా ఎత్తులో ఉంటాయి. అక్కడ గాలి పలచన, ఇంజన్‌కు శక్తి తగ్గుతుంది, రెక్కకు పట్టు దొరకదు, అందుకని బాంబులో ఇంధనమో తగ్గించుకోకుండా విమానం పైకి లేవలేదు. మన విమానాలు అస్సాంలోని తేజ్‌పూర్ లాంటి మైదాన ప్రాంతం నుంచి నిండు లోడ్‌తో లేవగలవు. అంటే భౌగోళికంగా మొగ్గు మనవైపే ఉంది. పైగా స్క్వాడ్రన్ లీడర్ జగ్ మోహన్ నాథ్ యుద్ధానికి ముందే కాన్‌బెరాలో అక్సాయ్ చిన్, టిబెట్‌ల మీదుగా వెళ్ళి ఫోటోలు తీసుకొచ్చారు. ఆ పనికే ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. ప్రాణాలకు తెగించి ఆయన తెచ్చిన సమాచారాన్ని పక్కనపెట్టి ఊహల మీద నిర్ణయం తీసుకున్నారనేదే నా బాధ.

ఇంకో సంగతి. నవంబర్ 19న నెహ్రూ అమెరికా అధ్యక్షుడు కెనడీకి ఉత్తరం రాసి 12 స్క్వాడ్రన్ల సూపర్‌సోనిక్ ఫైటర్లు, రెండు స్క్వాడ్రన్ల బి-47 బాంబర్లు అడిగారు. అప్పటికీ మన సొంత విమానాలకు మాత్రం దాడికి ఆర్డర్ ఇవ్వలేదు.

పాతమ్యాపు:
కొండగాలి గారు, ఎయిర్‌ఫీల్డుల ఎత్తు గురించి మీరు చెప్పింది నిజమే, కానీ నమ్‌కా చూలో ఫైటర్లు ఏం చేసేవో కూడా ఆలోచించాలి. అది ఇరుకు లోయ, చుట్టూ దట్టమైన అడవి, రెండు సైన్యాలూ ఏటికి చెరో పక్కన. పై నుంచి జెట్‌లో దూసుకెళ్ళేవాడికి ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో కనిపించదు. కింద రేడియోలో టార్గెట్ చెప్పే మనిషి ఉండాలి, సైన్యం, ఎయిర్‌ఫోర్స్ కలిసి ముందే ప్రాక్టీస్ చేసి ఉండాలి. ఆ ఏర్పాటు మనకు లేదు. అక్టోబర్ 20 ఉదయం బాంబులు వేసి ఉంటే మనవాళ్ళ మీదే పడేవేమో.

అయితే తవాంగ్ పడిపోయాక దాదాపు మూడు వారాలు పెద్ద పోరు జరగలేదు చూశారా, ఆ టైమ్‌లో చైనావాళ్ళు సరిహద్దులోని బుమ్‌లా కనుమ నుంచి తవాంగ్‌కు రోడ్డు వేసుకున్నారు, సరుకులన్నీ ఆ దారినే తెచ్చుకున్నారు. అక్కడ కొట్టి ఉంటే, నవంబర్‌లో మనవాళ్ళు ఓడిపోయిన సేలా, బొమ్‌డిలా కథ వేరేగా ఉండేదని నేనూ నమ్ముతాను. 2012లో అప్పటి ఎయిర్ చీఫ్ బ్రౌన్ కూడా వాయుసేనను దాడికి వాడి ఉంటే ఫలితం మారేదన్నారు. నాకైతే యుద్ధం మొత్తం గెలిచేవాళ్ళం అనేంత ధైర్యం లేదు, నవంబర్‌లో అంత ఘోరంగా చెదిరిపోయేవాళ్ళం కాదు అని మాత్రం అంటాను.

నీలిరెక్క:
ఆ మూడు వారాల సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదండీ. థాంక్స్.

పారాచూట్:
ఒక సవరణ చెయ్యనివ్వండి. ప్రశ్నలో "ఎయిర్‌ఫోర్స్‌ను పక్కన కూర్చోబెట్టారు" అన్నారు, అది చదివితే కడుపు మండుతుంది. కూర్చోబెట్టింది ఫైటర్లను, బాంబర్లను. ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్లవాళ్ళు ఆ నెలంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎగిరారు. యుద్ధానికి ముందే, జులై 31న, స్క్వాడ్రన్ లీడర్ రాజే పదహారు వేల అడుగులు దాటిన లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో ప్యాకెట్ అనే రవాణా విమానాన్ని దించారు. ఆ గాలిలో రెండు ఇంజన్లు చాలవని విమానం మీద అదనంగా ఒక జెట్ ఇంజన్ బిగించారు. అక్టోబర్‌లో ఏఎన్-12 రవాణా విమానాలు చండీగఢ్ నుంచి ఏఎంఎక్స్-13 ట్యాంకులను లద్దాఖ్‌లోని చుషూల్‌కు మోసుకెళ్ళాయి. ట్యాంకును విమానంలో ఎక్కించి అంత ఎత్తున దించడమంటే మాటలు కాదు.

తూర్పున నమ్‌కా చూ పైనున్న త్సాంగ్‌ధర్ దగ్గర మన సైన్యం కోసం జారవిడిచిన సరుకుల్లో చాలా భాగం లోయల్లోకి పోయింది, దానికి పైలట్లను తిట్టినవాళ్ళున్నారు. ఆ కొండల మధ్య, ఆ మబ్బుల్లో, అంత చిన్న జాగా మీద పారాచూట్ సరిగ్గా దించడం ఎంత కష్టమో వాళ్ళు ఆలోచించలేదు.

అక్టోబర్ 20 ఉదయం స్క్వాడ్రన్ లీడర్ వినోద్ సెహగల్ చిన్న బెల్ హెలికాప్టర్‌లో సిగ్నల్స్ అధికారి మేజర్ రామ్ సింగ్‌ను ఎక్కించుకుని త్సాంగ్‌ధర్ వెళ్ళారు. దాడి మొదలైపోయిన చోటికి. ఇద్దరూ తిరిగి రాలేదు.