స్టార్ ట్రెక్ కథలో యూదు పాత్ర: తాల్ముద్‌లో నిజంగా ఆరు లింగాలున్నాయా?

నీలిగవ్వ:

అందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. అభిమానులు రాసే కథల సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో, స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష ధారావాహిక ప్రపంచం ఆధారంగా ఒక పెద్ద కథ రాస్తున్నాను. నౌకలో పనిచేసే ఒక యూదు ఇంజినీరు అందులో ముఖ్య పాత్ర. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసుకున్నారు గానీ, తాము స్త్రీ కాదు, పురుషుడూ కాదు అని చెప్పుకునే మనిషి. మా డిస్కార్డ్ బృందంలో నాకు చాలా దగ్గరైన స్నేహితులొకరు అలాంటివారే. మాంట్రియల్‌లో ఉంటారు, యూదులు. నా కథలకు మొదటి పాఠకులు కూడా.

నా ప్రశ్న ఇది. టంబ్లర్‌లో ఏళ్లుగా ఒక మాట తిరుగుతోంది. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్ ఆరు లింగాలను గుర్తించిందని కొందరంటారు, ఎనిమిదని ఇంకొందరు. నా తొమ్మిదో అధ్యాయంలో ఇంజినీరు ఆ జాబితాను తోటి అధికారికి గర్వంగా అప్పగించే సన్నివేశం ఉంది. అది ప్రచురించే ముందు, అందులో నిజమెంతో తెలుసుకోవాలి. స్నేహితులనే అడగవచ్చు. కానీ తమ మతం గురించి, తమ గురించి వారు ఇప్పటికే వారానికొకరికి వివరించాల్సి వస్తోంది. ఆ బరువు నేను కూడా పెంచదలచుకోలేదు. యూదు గ్రంథాలు చదివినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరా?

రెండోపుట:

నీలిగవ్వ గారూ, మీరు స్నేహితుల మీద బరువు వేయకుండా ఇక్కడ అడగడం నాకు చాలా నచ్చింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా, క్రైస్తవ కుటుంబం. అబ్రాహాము, శారా, ఎస్తేరు పేర్లు వింటూ పెరిగాను. యూదులు అవే కథలను ఎలా చదువుతారో మాత్రం ఫ్యాన్ ఫిక్షన్ ద్వారా పరిచయమైన స్నేహితుల వల్లే తెలిసింది. తాల్ముద్‌ను రోజుకొక పత్రం చొప్పున చదివే దాఫ్ యోమి అనే పద్ధతి ఉంది. 1923లో మొదలైంది. 2,711 పత్రాలు పూర్తికావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. 2022లో ఆ పఠనం యెవామోత్ భాగానికి చేరినప్పుడు మా బృందంతో కలిసి నేనూ చదివాను. సెఫారియా సైటులో హీబ్రూ మూలం, ఇంగ్లీషు అనువాదం పక్కపక్కనే ఉచితంగా దొరుకుతాయి.

ఇక జాబితా సంగతి. ఆ పేర్లు నిజమైనవే. స్త్రీ, పురుషుడు కాక, రెండు లక్షణాలూ ఉన్న శరీరంతో పుట్టినవారు ఆండ్రోగినోస్. ఏ లక్షణమూ పైకి కనబడకుండా చర్మంతో కప్పబడి ఉన్నవారు తుమ్‌తుమ్. ఆడపిల్లగా పుట్టినా యౌవనపు మార్పులు రానివారు అయ్‌లోనిత్. మగవారిలో అలాంటివారు సారిస్. ఈ సారిస్‌లో పుట్టుకతో అయినవారు, మనుషుల చేతిలో అయినవారు అని రెండు రకాలు. జాబితాల లెక్కల్లో తేడా రావడానికి ఇలాంటి విభజన ఒక కారణం.

అయితే రబ్బీలు, అంటే యూదు మతపండితులు, వీటిని మనిషి తన గురించి తాను చెప్పుకునే గుర్తింపులుగా రాయలేదు. వారికి కావలసింది ధర్మశాస్త్రపు జవాబు: ఈ మనిషికి ఏ విధులు వర్తిస్తాయి, వారసత్వం వస్తుందా, ఎవరిని పెళ్లాడవచ్చు. శరీరాన్ని చూసి అడిగిన ప్రశ్నలు అవి. మీ ఇంజినీరు శరీరం బహుశా ఈ వర్గాల్లో దేనికీ చెందదు. కాబట్టి "మా మతం నన్ను రెండు వేల ఏళ్ల క్రితమే గుర్తించింది" అని ఆ పాత్ర చేత గర్వంగా చెప్పిస్తే చదివినవారు చప్పట్లు కొడతారు, కానీ పాత్ర పలచబడిపోతుంది. నా మాట వినండి, ఆ జాబితా తీసేయండి. జాబితా వెనక ఉన్న వాదనను రాయండి. అసలు సంపద అక్కడుంది.

ఆ వాదన ఎలా సాగుతుందో చూడండి. తాల్ముద్‌కు మూలమైన మిష్నాలో బిక్కూరిమ్ అనే భాగం చివర, మిష్నాకు అనుబంధ గ్రంథమైన తోసెఫ్తా నుంచి వచ్చి చేరిన అధ్యాయం ఒకటుంది. ఆండ్రోగినోస్ కొన్ని విషయాల్లో పురుషుల వంటివారు, కొన్నిట్లో స్త్రీల వంటివారు, కొన్నిట్లో ఇద్దరి వంటివారు, కొన్నిట్లో ఎవరివంటివారూ కారు అని మొదలవుతుంది. దుస్తులు, జుట్టు కత్తిరింపు పురుషుల్లా ఉండాలంటుంది. కొడుకులతో కలిసి ఆస్తి పంచుకునే విషయానికి వచ్చేసరికి స్త్రీలలో కలుపుతుంది. నన్ను ఆపేసింది దాని తరువాతి మాట. ఆ మనిషిని కొట్టినా, శపించినా, స్త్రీనో పురుషుడినో కొట్టినప్పుడు పడే శిక్షే పడుతుంది. చంపినవారికీ అంతే. ఎవరో తేల్చలేకపోయినా, ప్రాణం విలువ దగ్గర రబ్బీలకు సందేహం రాలేదు. అన్నీ విన్నాక రబ్బీ యోసే వేరే దారి పడతాడు. ఆండ్రోగినోస్ తనకు తానే ఒక ప్రత్యేక సృష్టి, స్త్రీయో పురుషుడో పండితులు నిర్ణయించలేకపోయారు అంటాడు. ఆ అనిర్ణయాన్ని చెరిపేయకుండా గ్రంథంలో అలాగే ఉంచారు.

ఫ్యాండమ్‌లో, అంటే అభిమానుల బృందాల్లో, మనం చేసే పని కూడా ఇలాంటిదే అని నాకు గట్టిగా అనిపించింది యెవామోత్ 64వ పత్రం దగ్గర. ఆదికాండము 11వ అధ్యాయంలో శారయి గొడ్రాలు అని చెప్పి, వెంటనే ఆమెకు సంతానం లేదు అని మళ్లీ చెబుతుంది. ఒకే సంగతి రెండుసార్లు ఎందుకు? రవ్ నహ్మాన్ ఆ ప్రశ్న పట్టుకుని, రబ్బా బర్ అవూహా పేరుమీద జవాబు చెబుతాడు: శారా అయ్‌లోనిత్, ఆమెకు గర్భాశయం కూడా లేదు. అదే చోట రబ్బీ అమ్మీ ఇంకా ముందుకు వెళతాడు. అబ్రాహాము, శారా ఇద్దరూ తుమ్‌తుమ్‌లే అంటాడు. మీరు చెక్కబడిన బండను చూడండి అనే యెషయా వచనాన్ని అందుకు ఆధారంగా తెస్తాడు. మూలంలో ఒక మాట ఎక్కువైతే దానిలోంచి ఒక జీవితాన్ని బయటికి తీయడం మనకు కొత్త కాదు. ఒక ఎపిసోడులో ఎవరో అరసెకను ఆగి చూసిన చూపు మీద మనవాళ్లు ముప్పై అధ్యాయాలు రాస్తారు. తేడా ఒకటుంది. రబ్బీలకు అది దైవవాక్యం, అందులో అదనపు అక్షరం ఉండదన్న నమ్మకంతో చదివారు. ఆ భక్తిని కథలో తేలిక చేయకండి.

మీరు రాసేది స్టార్ ట్రెక్ కథే కాబట్టి ఇదీ చెప్పాలి. అందులో వల్కన్ గ్రహవాసుల పాత్ర స్పాక్ వేళ్లు విడదీసి చేసే అభివాదం యూదు ప్రార్థనామందిరం నుంచే వచ్చింది. స్పాక్‌గా నటించిన లెనార్డ్ నిమోయ్ చిన్నతనంలో బోస్టన్‌లో, యాజక వంశీకులు సభను దీవించేటప్పుడు చేతులు అలా పెట్టడం చూశాడు. 1967లో ప్రసారమైన ఎపిసోడులో దాన్నే వాడాడు. మీ ఇంజినీరుకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. వల్కన్ అధికారి ఎవరైనా ఆ చేయి ఎత్తినప్పుడల్లా లోపల ఏదో ఒకటి కదులుతుంది. జాబితా అప్పగించడం కంటే అది చాలా బాగుంటుంది.

వంతెనకిందినీడ:

రెండోపుట గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక హెచ్చరిక మాత్రం చేర్చాలి. నేను ఎనిమిదేళ్లుగా బ్రూక్లిన్‌లో ఉంటున్నాను, మా వీధి నిండా సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఆర్థొడాక్స్ యూదు కుటుంబాలే. పాత గ్రంథాల్లో ఇన్ని మాటలున్నాయి కదా అని నేటి యూదు సమాజమంతా చేతులు చాచి ఆహ్వానిస్తుందనుకుంటే పొరపాటు. ఆర్థొడాక్స్ మందిరాల్లో స్త్రీపురుషుల మధ్య అడ్డుతెర ఉంటుంది. మీ ఇంజినీరు ఎటువైపు కూర్చుంటారు? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో స్త్రీపురుషులు ఒకరి దుస్తులు ఒకరు వేసుకోరాదన్న నిషేధం ఉంది. చాలామంది దాన్ని ఇప్పటికీ గట్టిగా పాటిస్తారు.

ఆచారాల్లో మార్పులను అంగీకరించే రిఫార్మ్ శాఖలో పరిస్థితి వేరు. ఎలియట్ కుక్లా 2006లో హీబ్రూ యూనియన్ కాలేజీ నుంచి రబ్బీ అయ్యారు. ట్రాన్స్ వ్యక్తినని బహిరంగంగా చెప్పుకుని అక్కడ రబ్బీ పట్టా పొందినవారిలో ఆయనే మొదటివారు. మందిరంలో తోరా (మోషే ధర్మశాస్త్రం) చదవడానికి పిలిచేటప్పుడు ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు అనడం ఆనవాయితీ. ఆ రెండూ కాకుండా, ఫలానా ఇంటివారు అని పిలిచే పద్ధతిని ఆ రెండు శాఖలకూ మధ్యస్థమైన కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం 2022లో ఆమోదించింది. మీ పాత్ర ఏ శాఖలో పెరిగిందో ముందు నిర్ణయించుకోండి. మిగతాది దాన్నిబట్టే ఉంటుంది.

నీలిగవ్వ:

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. వంతెనకిందినీడ గారూ, మీ ప్రశ్నకు జవాబు వెంటనే దొరికింది. ఇంజినీరు తాతగారు ఆర్థొడాక్స్, తల్లి రిఫార్మ్. చిన్నప్పుడు తాతగారి మందిరానికి వెళ్లినప్పుడు అడ్డుతెర అవతల అమ్మమ్మ పక్కన కూర్చున్నారు. పెద్దయ్యాక ఇక వెళ్లలేదు. తాతగారంటే మాత్రం ప్రాణం.

రెండోపుట గారూ, జాబితా సన్నివేశం తీసేశాను. కానీ దాని స్థానంలో వాదన జరగాలంటే ఏదో ఒక సందర్భం కావాలి కదా. నౌకలో ఏ పండుగ పెట్టుకోవచ్చు? బైబిలులో ఎస్తేరును పెంచిన మొర్దెకై ఆమెకు పాలిచ్చాడని ఎక్కడో చదివాను, అది నిజంగా గ్రంథంలో ఉందా?

రెండోపుట:

సందర్భం కావాలంటే రోష్ హషానా పెట్టుకోండి. కొత్త సంవత్సరం నాడు షోఫార్ అనే పొట్టేలు కొమ్ము ఊదాలి, అందరూ వినాలి. ఎవరు ఊదితే ఎవరి విధి తీరుతుందో తాల్ముద్‌లో ఆ పండుగ పేరుతోనే ఉన్న భాగంలో, 29వ పత్రంలో చర్చ ఉంది. ఆండ్రోగినోస్ ఊదితే తోటి ఆండ్రోగినోస్‌ల విధి తీరుతుంది, ఇతరులది తీరదు. తుమ్‌తుమ్ ఊదితే తమవంటివారిది కూడా తీరదు. మీ నౌకలో ఆరేడుగురు యూదులున్నారనుకుందాం. కొమ్ము ఊదడం వచ్చినవారు ఇంజినీరు ఒక్కరే, నేర్పింది తాతగారు. నౌకలోనే ఉన్న ఒక ఆర్థొడాక్స్ వైద్యుడికి ఆ కొమ్ము వినాలని ఎంతో ఉంది, కానీ విధి తీరుతుందా లేదా అన్న బెంగ కూడా అంతే ఉంది. ఆయన్ను మూర్ఖుడిగా రాయకండి. ఇంజినీరును స్త్రీగా లెక్కిస్తే ఒక జవాబు, రబ్బీ యోసే మాట తీసుకుంటే ఇంకో జవాబు. ఈ పేరూ నాది కాదు, ఆ పేరూ నాది కాదు అని ఇంజినీరు అనగలిగితే అధ్యాయం నిలబడుతుంది. ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకుంటూ ఒక రాత్రంతా వాదించుకోనివ్వండి.

అంతరిక్షంలో పండుగ ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న కూడా వస్తుంది. ఇది ఊహాగానం కాదు. 2003లో కొలంబియా నౌకలో వెళ్లిన ఇజ్రాయెలీ వ్యోమగామి ఇలాన్ రామోన్ విశ్రాంతిదినం ఎలా లెక్కపెట్టాలని రబ్బీలను సంప్రదించాడు. తొంభై నిమిషాలకోసారి సూర్యుడు ఉదయిస్తుంటే వారానికి ఏడు రోజులని ఎలా అంటాం? భూమ్మీద ఒక చోటి గడియారాన్నే అనుసరించాలన్న సలహా వచ్చింది.

మొర్దెకై సంగతి నిజమే. ఎస్తేరు గ్రంథంలో లేదు, బెరేషిత్ రబ్బా అనే మిద్రాష్ (రబ్బీల బైబిలు వ్యాఖ్యానం) గ్రంథంలో 30వ అధ్యాయంలో ఉంది. పసిబిడ్డ ఎస్తేరుకు పాలిచ్చే దాది కోసం మొర్దెకై ఎంత తిరిగినా దొరకలేదట. చివరికి తానే పాలిచ్చాడట. ఆయనకు పాలు వచ్చాయని రబ్బీ ఎలియెజెర్ పేరుమీద చెప్పినట్టు రాశారు. రబ్బీ అబ్బాహు దీన్ని సభలో చెబితే జనం నవ్వారని కూడా అక్కడే ఉంది. ఆయన తగ్గలేదు. పురుషుడి పాలు శుద్ధమైనవని రబ్బీ షిమోన్ బెన్ ఎలాజార్ చెప్పిన మిష్నా మాట ఉంది కదా అని జవాబిచ్చాడు. అంటే అలాంటి పాలు ఉండవచ్చని ధర్మశాస్త్రం ముందే ఆలోచించింది.

దీన్ని తప్పకుండా వాడుకోండి, ఆ నవ్వుతో సహా. తాతగారు ఈ కథ చెబుతుంటే గదిలో బంధువులు నవ్వారని, చిన్నప్పటి ఇంజినీరు మాత్రం నవ్వలేదని, తాతగారు అది గమనించి కథ ఆపకుండా చివరిదాకా చెప్పారని రాయవచ్చు. ఆయన ఆర్థొడాక్స్‌గానే ఉంటారు, అడ్డుతెర గురించి మనసు మార్చుకోరు. అయినా పేజీ తిప్పి ఆ మిష్నా వాక్యం మీద వేలు పెట్టి చూపిస్తారు.

చిత్తుప్రతి సిద్ధమైతే నాకు పంపండి, గ్రంథాల సంగతులు సరిచూస్తాను. పాత్ర మాట, నడక మాత్రం మీ స్నేహితులు చదివి చెప్పాలి, అదీ వారికి ఇష్టమైతేనే. ఒక్క మాట, మన బృందంలో ఒకరికొకరు కథలు రాసి ఇచ్చుకునే వచ్చే కథల మార్పిడికి గడువు తేదీ పెట్టేది మీరే కదా. పోయినసారి అది యోమ్ కిప్పూర్ ఉపవాసం రోజున పడి ఇద్దరు తప్పుకున్నారు. ఈసారి యూదు పంచాంగం కూడా చూసి పెట్టండి.