క్రిస్మస్ కానుకగా కారు: ఎర్ర రిబ్బను ప్రకటనలను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: కంటోన్మెంట్ మాస్టారు, విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం. నిరుడు డిసెంబరులో మా అబ్బాయి దగ్గర, న్యూజెర్సీలో, ఆరు వారాలు ఉండి వచ్చాము. అక్కడ సాయంత్రం టీవీ పెడితే చాలు, ఒకే తరహా ప్రకటన మళ్లీ మళ్లీ వచ్చేది. మంచు కురిసిన ఉదయం, రెండంతస్తుల ఇల్లు, భార్య కళ్లు చేతులతో మూసి వాకిట్లోకి నడిపించుకు వచ్చే భర్త. చేతులు తీసేసరికి ఎదురుగా నిగనిగలాడే లెక్సస్ కారు, దాని నెత్తిన గంగాళమంత ఎర్ర రిబ్బను పువ్వు. 'ఇక్కడ పండక్కి కార్లు పెడతారా అమ్మా?' అని మా కోడలిని అడిగితే, 'మాకు తెలిసినవాళ్లలో ఒక్కరూ పెట్టలేదు మామయ్యగారూ' అని నవ్వింది.

ఆ విషయం అంతటితో మరచిపోయేవాణ్ణే. కానీ ఈ ఏడాది పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమాను సంబరం అయిన కొద్ది వారాలకే మా ఊళ్లో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఒక హోర్డింగు లేచింది. అదే కారు భంగిమ, అదే ఎర్ర పువ్వు, పైన ఒక నక్షత్రం. కింద 'ఈ క్రిస్మస్, సంక్రాంతులకు అమ్మాయికీ అల్లుడికీ మరపురాని కానుక' అని రాసి, ఆ అడుగున ఆవగింజంత అక్షరాలలో షరతులు ఇంగ్లీషులో వేశారు. మా బావమరిది కూతురికి మొన్న మే నెలలో పెళ్లయింది. మొదటి సంక్రాంతి వస్తోంది కనుక, ఎనిమిది లక్షలు అప్పు తీసుకునైనా అల్లుడికి కారు పెట్టాలని అతను పట్టుబట్టి కూర్చున్నాడు. అసలు ఈ ప్రకటనలు డిసెంబరులోనే ఎందుకు వస్తాయి, వాటిలో చూపించే కానుక నిజంగా కానుకేనా అన్నది తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు 1: వంశధార వాసి (స్వస్థలం నరసన్నపేట, ప్రస్తుతం టెక్సాస్)

మాస్టారూ, మీ కోడలుగారు చెప్పింది నిజమే. లెక్సస్ వారు 'డిసెంబర్ టు రిమెంబర్' పేరుతో ఈ ప్రకటనలను పాతికేళ్లుగా వేస్తున్నారు. లెక్సస్ అంటే టయోటావారి ఖరీదైన శ్రేణి. అమెరికా బజారులోకి 1989లో వచ్చింది. ఇంగ్లీషులో ఆ పేరు వెనుక ఉండే మాట 'సేల్స్ ఈవెంట్', అంటే ఇది మొదటినుంచీ సంవత్సరాంతపు అమ్మకమే. కొత్త మోడలు సంవత్సరం బండ్లు వచ్చి పడుతుంటే పాతవాటిని వదిలించుకోవాలి. డీలర్లకు కంపెనీ పెట్టిన లక్ష్యాలు డిసెంబరు 31తో ముగుస్తాయి. ఉద్యోగులకు బోనసులు అప్పుడే చేతికి వస్తాయి. ఈ మూడింటికీ కలిపి కట్టిన రిబ్బను అది. తరువాత మిగతా ఖరీదైన కంపెనీలు కూడా తమ తమ శీతాకాలపు అమ్మకాలతో అదే దారి పట్టాయి.

ఇక ఆ కారు కానుకేనా అన్న సందేహానికి జవాబు ప్రకటన చివరి రెండు క్షణాల్లో, తెర అడుగున ఉంటుంది. అక్కడ చాలాసార్లు కనిపించేది కారు ధర కాదు, నెలకు ఇంత అన్న లీజు మొత్తం. లీజు అంటే మనం ఇల్లు అద్దెకు తీసుకున్నట్లే: ముందు కొంత కట్టి, సాధారణంగా మూడేళ్లపాటు నెలనెలా చెల్లించి, ఎన్ని మైళ్లు తిప్పవచ్చో కూడా వారి షరతుకు లోబడి, గడువు తీరాక బండిని తిరిగి అప్పగించాలి, లేదా మళ్లీ డబ్బు కట్టి కొనుక్కోవాలి. భార్య కళ్లు మూసి ఇచ్చినదాన్ని మూడేళ్ల తరువాత కొనకపోతే కళ్లు తెరిచి వెనక్కి ఇచ్చేయాలన్నమాట. ఇక్కడివారికీ ఇది నవ్వులాటే. 2020 డిసెంబరులో 'సాటర్డే నైట్ లైవ్' టీవీ కార్యక్రమంలో ఇదే ప్రకటనను ఎగతాళి చేశారు. అందులో భర్త ఇలాగే కారు తెచ్చి నిలబెడితే, భార్య మురిసిపోవడానికి బదులు 'నన్ను అడగకుండా కారు కొన్నావా?' అని నిలదీస్తుంది. తీరా చూస్తే అతనికి ఉద్యోగమే లేదు.

జవాబు 2: ఏడు రోడ్ల కూడలి (బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం)

అమెరికా సంగతి పైవారు చెప్పారు కనుక, నేను మీ బావమరిదిగారి ఎనిమిది లక్షల గురించి మాత్రమే రాస్తాను. 9 శాతం వడ్డీకి, ఏడేళ్ల గడువుకు తీసుకుంటే నెలకు సుమారు 12,870 రూపాయలు కట్టాలి. 84 వాయిదాలు పూర్తయ్యేసరికి 10 లక్షల 81 వేలు చెల్లించినట్లు లెక్క తేలుతుంది, అంటే వడ్డీయే 2 లక్షల 81 వేలు. అమ్మాయికి పుట్టబోయే బిడ్డ ఒకటో తరగతిలో ఉండగా కూడా తాతగారు ఆ కారుకు వాయిదాలు కడుతూనే ఉంటారు.

రెండో చిక్కు, ప్రకటనలో ఎన్నడూ కనిపించనిది. అప్పు ఎవరి పేరున ఉంటే బండి ఆర్‌సీ కూడా వారి పేరునే ఉండాలని, దాని మీద హైపోతికేషన్ (అప్పు తీరేదాకా బండి బ్యాంకుకు తాకట్టు అన్న గుర్తు) నమోదు కావాలని బ్యాంకు కోరుతుంది. అల్లుడి పేరున బండి కావాలంటే అప్పుకాగితాల మీద అల్లుడే సంతకం పెట్టాలి, ఆయన ఆధార్, పాన్, జీతం వివరాలు ముందే ఇవ్వాలి. ఇన్ని సంతకాలు పెట్టినవాడికి పండుగ ఉదయం ఆశ్చర్యపోవడానికి ఏమి మిగులుతుంది?

తగ్గింపు గురించి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది (నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ వరకు). పెద్ద కార్లకు సెస్సు (పైన వేసే అదనపు పన్ను) తీసేసి 40 శాతం చేశారు. హోర్డింగు మీద చూపే ఆదాలో ప్రభుత్వం తగ్గించిన పన్ను ఎంత, దుకాణంవారు తమ జేబులోనుంచి వదులుకున్నది ఎంత అని విడివిడిగా కాగితం మీద రాసి ఇమ్మనండి. అలాగే తయారైన నెల, సంవత్సరం అడగండి. అవి ఆర్‌సీలో పడతాయి. డిసెంబరు చివరి వారంలో కొన్న బండి జనవరి ఒకటిన, తిరిగి అమ్మేవాడి లెక్కలో, నిరుటి బండి అయిపోతుంది. వారికి ఉన్న తొందర అదే.

షరతులు ఇంగ్లీషులో వేశారన్నారు. తప్పుదారి పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే, చదవడానికి వీలైన అక్షరాల్లో ఉండాలి. ఓపిక ఉంటే వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చును.

చివరిగా, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెబుతున్నాను. అమెరికా ప్రకటనలో భర్త భార్యకు ఇస్తాడు. మన హోర్డింగులో ఇచ్చేవాడు మామగారిగా మారిపోయాడు. పెళ్లి సంబంధంగా, పెళ్లి తరువాత ఎప్పుడు ఇచ్చినా అది 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కిందికి రావచ్చు. అటువైపువారు నోరు తెరిచి అడగకపోయినా, ఒక అల్లుడికి కారు పెట్టారని తెలిస్తే మిగతా అల్లుళ్ల ఇళ్లలో జరిగే మాటలు మనకు తెలియనివి కావు.

జవాబు 3: బొబ్బిలి నుంచి ఒక సోదరి

మాస్టారు గారికి వందనాలు. మాది మూడు తరాలుగా బాప్తిస్టు కుటుంబం. క్రిస్మస్‌కు మా ఇంట్లో కొత్త బట్టలు, గుమ్మానికి నక్షత్రం, ఇరుగుపొరుగు ఇళ్లకు పళ్లాల్లో అరిసెలు, జంతికలు, కేకు వెళతాయి. సంక్రాంతికి ఆ పళ్లాలు నిండుగా తిరిగి వస్తాయి. మా చర్చిలో 'కానుక' అంటే ఆరాధన మధ్యలో సంచిలో వేసేది. శిశువైన యేసును చూడవచ్చిన జ్ఞానులు తెచ్చిన బంగారము, సాంబ్రాణి, బోళములకు కూడా బైబిల్లో ఆ మాటే ఉంది. అందుకే బానెట్టు మీద నక్షత్రం చూసినప్పుడు నాకు కోపం కన్నా వింతగా అనిపించింది.

మా తమ్ముడు అప్పు చేయకుండా సొంత డబ్బుతో కారు కొన్నప్పుడు షోరూముకు నేనూ వెళ్లాను. శాటిన్ గుడ్డ లాగించారు, కేకు కోయించారు, అట్టతో చేసిన నిలువెత్తు తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు. మేము చక్రాల కింద నిమ్మకాయలు పెట్టము కనుక ప్రార్థన చేసుకుని బయలుదేరాము. గేటు దాటకముందే ఒక కుర్రవాడు పరుగున వచ్చి, 'అక్కా, ఒక్క నిమిషం' అని ఆ ఎర్ర పువ్వును ఊడదీసి, వెనుక వరుసలో ఉన్న కారుకు అతికించాడు. వెనుక టేపు అప్పటికే నల్లబడి ఉంది.

మళ్లీ కంటోన్మెంట్ మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు బావమరిదికి చదివి వినిపించి, నిన్న అతనితో షోరూముకు వెళ్లాను. అతను మెచ్చిన బండి మార్చిలో తయారైనదట. పన్ను తగ్గింపును, వారి తగ్గింపును విడదీసి రాసి ఇమ్మంటే మేనేజరుగారిని అడిగి చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు. తిరిగి వస్తూ దారిలో అల్లుడికి ఫోను చేయించాను. ఆ అబ్బాయి విశాఖలో మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాడు. 'మామయ్యగారూ, ఇక్కడ నా స్కూటరు పెట్టుకోవడానికే రోజూ వాచ్‌మన్‌తో గొడవ, కారు ఎక్కడ పెట్టమంటారు?' అన్నాడు. రెండు నెలలుగా ఇంట్లో ఇంత చర్చ జరిగినా, ఆ అబ్బాయిని ఎవరూ అడగలేదు. ప్రస్తుతానికి పొందూరు పంచెల చాపు, సారె వరకు ఖాయమైంది.