అపార్ట్‌మెంట్ గేటు బోర్డుకు చట్టపరంగా విలువ ఉందా?

భీమవరంలో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు వాచ్‌మన్ ఉండడు. సరిగ్గా అప్పుడే వాటర్ ఫిల్టర్లు అమ్మేవాళ్లు, గ్యాస్ పొయ్యి చెకింగ్ అంటూ ట్యూబు మార్చి డబ్బులడిగేవాళ్లు పైకొస్తున్నారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల గురించే మా బెంగ.

గేటుకీ లిఫ్ట్ దగ్గరా ‘అమ్మకందారులకు ప్రవేశం లేదు’ అని తెలుగులో బోర్డులు పెట్టాం, రిజిస్టరూ పెట్టాం. పార్కింగ్ వైపు నుంచి వచ్చేస్తున్నారు. ఐడీ కార్డు అడిగితే మెట్లు దిగిపోతారు.

2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం ఐడీ కార్డు, ముందస్తు అనుమతి లేకుండా ఇంటికి రాకూడదు. కానీ అవి డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల (షాపు లేకుండా తమ ఏజెంట్లతో నేరుగా అమ్మించేవి) వాళ్లకే. మిగతావాళ్లకు భారతీయ న్యాయ సంహితలో అక్రమ ప్రవేశం గురించిన సెక్షన్ 329 ఉంది గానీ, అందులో దురుద్దేశం చూపించాలి, అదే చిక్కు.

పోలీసులు ఫిర్యాదు తీసుకోవాలంటే బోర్డు మీద సరిగ్గా ఏ వాక్యం ఉండాలి?