హెల్‌క్యాట్ 707 గుర్రాలా, కమారో మలుపులా? మా అన్నతో పాలకోవా పందెం

పెన్నా_గట్టు, కడప

మా అన్న డల్లాస్‌లో ఐదేళ్ల నుంచి ఉంటున్నాడు. ఇన్నాళ్లూ ఒక పాత సెడాన్‌తో సర్దుకున్నాడు, ఇప్పుడు చిన్నప్పటి పిచ్చి మళ్లీ లేచి సెకండ్ హ్యాండ్‌లో మజిల్ కారు, అంటే పెద్ద ఇంజిన్ పెట్టిన అమెరికన్ స్పోర్ట్స్ కారు కొంటానంటున్నాడు. కన్నంతా డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ మీదే. 6.2 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), దాని మీద గాలిని ఇంజిన్‌లోకి గట్టిగా నెట్టే సూపర్‌ఛార్జర్, 707 హార్స్‌పవర్. నేనేమో షెవర్లే కమారో ఎస్ఎస్ 1ఎల్ఈ (ట్రాక్ మీద తోలడానికి తయారుచేసిన కమారో) చూడరా అన్నాను, 455 హార్స్‌పవరే కానీ మలుపుల్లో దానిదే పైచేయి అని ఎక్కడ చూసినా అంటున్నారు కదా. "250 గుర్రాలు తక్కువున్న దాన్ని తెచ్చి నాకు అంటగడతావా" అని ఒకటే నవ్వు.

నిజం చెప్పాలంటే ఈ కార్లను నేను యూట్యూబ్‌లో తప్ప చూడలేదు, ఇక్కడ నడిపేది స్విఫ్ట్. అయినా ఏది మేలో అని వాడితో పందెం కాశాను, ఓడిపోవడం ఇష్టం లేదు, ఓడితే గువ్వలచెరువు పాలకోవా రెండు కిలోలు అమ్మ చేత పంపాలి. అమ్మానాన్న డిసెంబర్లో ఆరు నెలలకు అక్కడికి పోతున్నారు. నడిపినోళ్లు, తెలిసినోళ్లు చెప్పండి. "రెండూ బాగుంటాయి బ్రో" అనేవాళ్లు దయచేసి వద్దు.

బురుజు_దగ్గర_షాపు, కర్నూలు

నాది టైర్లు, అలైన్‌మెంట్ షాపు తమ్ముడూ, హెల్‌క్యాట్ నా షాపుకు ఎప్పుడూ రాలేదు, రాదు కూడా. కానీ టైరు ఎక్కడైనా టైరే.

మన సీమోళ్లకు అర్థమయ్యేలా చెప్తా. బోరులో రెండించుల నీళ్లే ఉన్నాయనుకో, ఐదు హెచ్‌పీ మోటారు తీసి పదిహేను హెచ్‌పీది దించితే భూమిలో లేని నీళ్లు వస్తాయా? మోటారు గాలి పీలుస్తుంది, అంతే. ఇంజిన్ ఆ మోటారు, టైరు రోడ్డును పట్టుకునే పట్టు ఆ నీళ్లు. అదీ ఉన్నదే కొంచెం, దాంట్లోనే కారు తిరగాలి, బ్రేకు పడాలి, ముందుకు దూకాలి. మలుపులో ఉన్నప్పుడు పట్టులో ఎక్కువ భాగం తిరగడానికే పోతుంది, అప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు వదిలేస్తాయి, కారు తోక పక్కకు పోతుంది. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు నీ స్విఫ్ట్‌కు 80, 90 గుర్రాలే కదా, మరి వెనక వచ్చే పెద్ద బండ్లకంటే నువ్వు ఎందుకు నిమ్మళంగా దిగుతావు? బరువు తక్కువ, ఎత్తు తక్కువ.

ఇంకో మాట. మీ అన్న ఏ కారు చూసినా ముందు టైరు పక్కన DOT అని మొదలయ్యే నంబర్ చివరి నాలుగు అంకెలు చూడమను. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ముసలి టైరు మీద 700 గుర్రాలంటే నాకు వినడానికే భయం.

నిటారు_రోడ్డు, అనంతపురం

అన్నీ బాగానే ఉన్నాయి గానీ డల్లాస్‌లో మలుపులు యాడుండాయప్పా? నేను రెండేళ్లు అక్కడే పనిచేశా. మన హైవే మీద గుత్తి దగ్గరైనా నాలుగు కొండలు కనిపిస్తాయి, అక్కడ అదీ లేదు. సిగ్నల్ దగ్గర, ఫ్రీవే ఎక్కే ర్యాంప్ మీద పవరే తెలుస్తుంది. ఆ సూపర్‌ఛార్జర్ ఈల వింటే మలుపుల మాట ఎవడూ ఎత్తడు. 2023లో వచ్చిన ఛాలెంజర్ డెమన్ 170 ఐతే ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోల్) పోస్తే 1025 హార్స్‌పవర్, పావు మైలు తొమ్మిది సెకన్ల లోపలే అని కంపెనీ చెప్పింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే నంబర్ ప్లేటు పెట్టి రోడ్డు మీద తోలగలిగే కారు అది! మీ అన్న కరెక్ట్.

తాడిపత్రి_నుంచి_డెట్రాయిట్

పైన అనంతపురం అన్న చెప్పింది సగం నిజం. డెమన్ పేరు తెచ్చారు కాబట్టి అదే తీసుకుందాం. డ్రాగ్ కారు (నేరుగా పావు మైలు పరుగు పందేనికి చేసిన కారు) సస్పెన్షన్‌ను కావాలనే మెత్తగా పెడతారు, తొక్కగానే ముక్కు లేచి బరువంతా వెనక టైర్ల మీద పడాలని. నేరుగా పోవడానికి అది వరం. అదే మెత్తదనం మలుపులో కారును పడవలా ఊపుతుంది. అంటే మలుపుల్లో బాగా తిరిగేలా చేయడం చేతగాక కాదు, ఒకదాని కోసం ఇంకోటి వదులుకున్నారు.

నా దగ్గర 2018 మస్టాంగ్ జీటీ ఉంది, 460 హార్స్‌పవర్. 2014 వరకు మస్టాంగ్‌లో, ఏదో ఒకటి రెండు మోడళ్లు తప్ప, వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్ ఉండేది, ఒక చక్రం గుంతలో పడితే రెండోదీ వంగేది. 2015లో వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేది) పెట్టాక కారు స్వభావమే మారిపోయింది. ఇండియాకు 2016లో రైట్ హ్యాండ్ డ్రైవ్‌లో వచ్చింది కూడా ఆ తరానిదే, కడప స్పీడ్ బ్రేకర్ల మీద దాని గతి ఏమవుతుందో దేవుడికెరుక.

కమారో విషయానికొస్తే నీ మాటే కరెక్ట్. 2016 మోడల్ నుంచి దాన్ని క్యాడిలాక్ ఏటీఎస్ అనే సెడాన్‌కు వాడిన ఆల్ఫా ప్లాట్‌ఫామ్ (కారు కింది కట్టుబడి) మీదే కట్టారు, 1ఎల్ఈలో మ్యాగ్నెటిక్ డ్యాంపర్లు (గట్టిదనం అప్పటికప్పుడు మార్చుకునే షాక్ అబ్జార్బర్లు), ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ పవర్ పంచేది) ఉంటాయి. దాని బరువు దాదాపు 1,700 కిలోలు, హెల్‌క్యాట్ రెండు వేలు. ఆ మూడు వందల కిలోలు బ్రేకు తొక్కిన ప్రతిసారీ గుర్తొస్తాయి. 2017లో కమారోలోనే ఇంకా పవర్ ఎక్కువున్న జెడ్ఎల్1 1ఎల్ఈ జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ రేసు ట్రాక్ చుట్టును 7 నిమిషాల 16 సెకన్లలో కొట్టింది, 650 గుర్రాలతోనే. కానీ లోపల కూర్చుంటే కిటికీలు బంకర్‌కు పెట్టిన కన్నాల్లా ఉంటాయి, డిక్కీ మూత ఎంత చిన్నదంటే బియ్యం బస్తా దూర్చడానికే తిప్పలు. వెనక సీటు పేరుకే.

ఇంకా, డల్లాస్‌లో మలుపులు లేవనేవాళ్లు ఫ్రీవే దిగే గుండ్రటి ర్యాంపులు మర్చిపోయారు. చలికాలం పొద్దున ఏడు డిగ్రీల లోపల ఉంటే సమ్మర్ టైరు గట్టిపడి పట్టు వదులుతుంది. నాకు తెలిసినతను ఒకడు అలాంటి పొద్దునే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా చూసేది) ఆపి, వీడియో తీస్తున్నవాళ్ల ముందు షో చేయబోయి కరెంటు స్తంభాన్ని కావిలించుకున్నాడు. వేగం నలభై మైళ్లు కూడా లేదు.

నిటారు_రోడ్డు, అనంతపురం

స్తంభం సంగతి ఒప్పుకుంటా. అది గుర్రాల తప్పు కాదు, తోలేవాడి తప్పు.

బురుజు_దగ్గర_షాపు, కర్నూలు

గుర్రాలెక్కువైన కొద్దీ తప్పు చేసే టైము కూడా తగ్గుతుంది కదన్నా.

పెన్నా_గట్టు, కడప

అందరికీ థ్యాంక్స్, బోరు మోటారు ఉదాహరణ వాడికి అట్లే పంపితే గంట సేపు రిప్లై లేదు. ఒక డౌట్, అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఛాలెంజర్ వెనక సీట్లోకి ఎక్కగలదా?

తాడిపత్రి_నుంచి_డెట్రాయిట్

అదేదో ముందే చెప్పాల్సింది! ఛాలెంజర్, కమారో, మస్టాంగ్ మూడూ రెండు డోర్లవే. ముందు సీటు మడిచి, నడుం వంచి దూరాలి. అమ్మలకు కాదు. డాడ్జ్ చార్జర్ చూడమను, నాలుగు డోర్లు. దాంట్లో స్క్యాట్ ప్యాక్ వైడ్‌బాడీ అనే వెడల్పాటి రకం 2020 మోడల్ నుంచి ఉంది, 6.4 లీటర్ల ఇంజిన్, 485 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ 305 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. బరువు తగ్గదు కానీ గుర్రాలకు తగ్గ పట్టు ఉంటుంది.

పెన్నా_గట్టు, కడప

ఇప్పుడే మాట్లాడాను. చార్జర్ చూస్తానన్నాడు, కానీ "కమారో కొనట్లేదు కాబట్టి నువ్వు ఓడిపోయినట్టే" అంటున్నాడు. హెల్‌క్యాట్ కూడా కొనట్లేదు కదా మరి! పాలకోవా ఎవరు పంపాలో మీరే తేల్చండి.

నిటారు_రోడ్డు, అనంతపురం

ఇద్దరూ కలిసి నాకు పంపండి.